ఛాయిస్‌లో వదిలేసిన ఫిజీ

ఆ రోజుల్లో బర్నబీలో అద్దెగది దొరకడం కన్నా కెనడా వీసా దొరకడమే తేలికగా ఉండేది. వీసాకైతే మా గుంటూరులో సందుకొక కన్సల్టెన్సీ, ప్రతి కన్సల్టెన్సీలోనూ ఒక ఏసీ గది, ఆ గదిలో మన జీవితాశయాన్ని మనకన్నా చక్కగా ఇంగ్లీషులో రాసిపెట్టే ఒక అమ్మాయి ఉండేది. అద్దెగదికి అలాంటి దిక్కేమీ లేదు. దిగిన ప్రతి విమానంలోనూ మనవాళ్లే. ప్రతివాడికీ రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బా, ఏదో ఒక కాలేజీలో సీటు. నా కాలేజీ ఒక నెయిల్ సెలూన్ పైన, పళ్ల డాక్టరు పక్కన ఉండేది. కొండమీద ఒక పెద్ద యూనివర్సిటీ కూడా ఉంది. దాంతో మాకే సంబంధమూ లేదు గానీ ఇంటికి పంపిన ఫొటోలన్నీ అక్కడ దిగినవే. మెకానికల్ ఇంజనీరింగ్ పాసైన నేను ఆ నెయిల్ సెలూన్ మీద హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ చదువుతుండేవాణ్ణి (అతిథి అంటే ఏమిటో, అతన్నెలా చూసుకోవాలో నేర్పే చదువది, ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మీకే నవ్వొస్తుంది).

మేమున్న ఇంట్లో నాకు దక్కింది హాల్లో ఒక మూల. బాత్రూముల్లో కట్టుకునే ప్లాస్టిక్ పరదా ఒకటి అడ్డంగా వేలాడదీసి, దాని వెనకంతా నా గది అనుకునేవాణ్ణి. పరదా మీద పసుపు బాతులుండేవి. రాత్రి లైటు వేస్తే ఆ బాతుల నీడలు నా మీద ఈదుతుండేవి. అయినా హాయిగానే ఉన్నాను. అంతలో ఇంటి ఓనరు ఇల్లమ్మేశాడు, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఒకడు విన్నిపెగ్‌లో చలి ఎక్కువైనా గదులు తక్కువకొస్తాయని బస్సెక్కేశాడు. ఇద్దరు ఒంటారియో వైపు కేంబ్రిడ్జ్‌లో వేర్‌హౌస్ పనులున్నాయని వెళ్లిపోయారు. నాకు వెళ్లే దారి లేదు. సెమిస్టర్ మధ్యలో ఉంది. ఊరు మారితే అటెండెన్స్ పోతుంది, అటెండెన్స్ పోతే స్టడీ పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే రెండు సూట్‌కేసులతో గుంటూరు స్టేషన్లో దిగాలి. దిగితే మా నాన్న ఒక్క మాట కూడా అనడు. నా భయమల్లా అదే.

మా ఇంట్లో అందరికన్నా సీనియర్, వరంగల్ వైపు మనిషి, ఒకాయన ఉండేవాడు. ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ ఆయన్ని ఎప్పుడో వదిలేసింది గానీ, ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు చేతులెక్కడ పెట్టుకోవాలి, కాఫీషాపు మేనేజరును చూసి ఎంతవరకు నవ్వాలి, డ్రైవింగ్ టెస్టులో మెడ ఎంత తిప్పాలి, అన్నిటికీ ఆయన దగ్గర ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఉండేవి. అందుకే మేమందరం కోచింగన్న అనేవాళ్లం. (ఆయన డ్రైవింగ్ టెస్టు మాత్రం ఎన్నిసార్లు రాసినా పాసవలేదు. మెడ మరీ ఎక్కువ తిప్పుతున్నాడని ఎగ్జామినర్ బెదిరిపోయేవాడట.)

ఇలా ఉండగా మన సరుకులమ్మే కొట్లో బిల్లు కొట్టే ఆంటీ ఒక ఫోన్ నంబరిచ్చింది. "బేస్‌మెంట్ ఉందట బాబూ. వాళ్లు ఫిజీ వాళ్లు. కానీ తెలుగువాళ్లే" అంది. ఫిజీ వాళ్లు తెలుగువాళ్లెలా అవుతారని నేను బుర్ర గోక్కుంటుంటే, తెల్లదొరల కాలంలో చెరకు నరకడానికి ఓడల్లో వెళ్లిన మనవాళ్ల మునిమనవలని, అక్కణ్ణుంచి మళ్లీ ఇక్కడికొచ్చారని చెప్పింది. ఫోన్ చేశాను.

"ఎవలు బాబు?" అంది ఒక పెద్ద గొంతు. ఆ యాస నేనెప్పుడో శ్రీకాకుళం పెళ్లిలో విన్నాను.

"బేస్‌మెంట్ కోసమండీ అంకుల్. స్టూడెంట్‌ని."

"తెలుగోడివా! మంచిది. ఫిజీ ఎరికేనా నీకు?"

ఫిజీ గురించి నాకు తెలిసిందల్లా అదొక దేశమని. అదైనా ఆ ఉదయమే తెలిసింది. కానీ కన్సల్టెన్సీలో మాకు మొట్టమొదట నూరిపోసింది, తెలియదని చచ్చినా అనకూడదని. "బాగా తెలుసంకుల్" అన్నాను.

"అలగైతే ఆదోరం మద్దినేల రా. కూకుందాం" అని పెట్టేశాడు.

కోచింగన్నకు చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "ఎంట్రన్స్ పెడుతున్నడు తమ్మీ నీకు. వాళ్ల దేశం గురించి అడుగుతడు. తెలిసినోనికే ఇల్లు."

"కూర్చుందాం అన్నాడన్నా, అంతే."

"మరి ఇంటర్వ్యూల నిలవడతరా?" అన్నాడు కోచింగన్న.

ఆ క్షణం నుంచి నా పరదా వెనక ఫిజీ మీద క్రాష్ కోర్సు మొదలైంది. సిలబస్‌ను ఆయన రెండు యూనిట్లు చేశాడు. ఒకటి జాగ్రఫీ, రెండోది కల్చర్. "జాగ్రఫీ స్కోరింగ్ తమ్మీ. దీవులు, కొండలు, వానలు, మార్కుకు మార్కు పడతది. కల్చరంటే థియరీ. ఎంత రాసినా సగమే ఏస్తరు. దాన్ని ఛాయిస్‌ల ఇడిచిపెట్టు" అన్నాడు. ఇంటర్‌లో అలా వదిలిపెట్టిన పాఠాలతోనే నేను ఇంజనీరునయ్యాను కాబట్టి, ఆ మాట నాకు ఎంతో శాస్త్రీయంగా తోచింది. బాతుల మీద ఫిజీ మ్యాపు అంటించి బట్టీ పట్టాను. మూడు వందలకు పైగా దీవులు, అందులో మూడో వంతులోనే మనుషులుంటారు (మిగతా వాటిలో గదులు ఖాళీయే కదా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది). పెద్దవి వీటి లేవు, వనువా లేవు. రాజధాని సువా తూర్పున వాన వైపు, విమానాలు దిగే నాందీ పడమట పొడి వైపు. నూట ఎనభై డిగ్రీల రేఖాంశం టవేయుని దీవి మీదుగా పోతుంది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం తోమనీవి (ఇది మాత్రం మా సింకులో గిన్నెల్ని చూసి చటుక్కున గుర్తుపెట్టుకున్నాను). శిఖరం గురించి తప్పకుండా అడుగుతారని, అది గ్యారంటీ క్వశ్చన్ అని కోచింగన్న రెండుసార్లు నా చేత అప్పజెప్పించుకున్నాడు. శనివారం కొట్టుకెళ్తే ఆంటీ, అప్పటికే ముగ్గురొచ్చి ఇల్లు చూసి వెళ్లారని చెప్పింది. ఆ రాత్రి బాతుల ముందు కూర్చుని దీవులన్నీ మళ్లీ మొదట్నుంచి అప్పజెప్పుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే వాన. వీసా కోసం కుట్టించుకున్న కోటు వేసుకుని, పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి అన్నీ పెట్టిన ఫైలు చంకలో ఇరికించుకుని బయల్దేరాను. ఆ ఇంటి ముందు ఒక అరటిచెట్టుకు చలి తగలకుండా పాత దుప్పటి చుట్టి, పైన టోపీలాగా ప్లాస్టిక్ సంచీ తొడిగి ఉంది. తలుపు కొట్టకముందే "బులా!" అని గరాజ్‌లోంచి కేక వినబడింది. ఫిజీలో నమస్కారం అదేనని అప్పటికి నాకు తెలియదు, ఎందుకంటే అది కల్చర్ యూనిట్‌లో ఉంది. ఆ రోజు నుంచీ ఆయన నాకు బులా అంకుల్.

గరాజ్‌లో కారు లేదు, చాపలున్నాయి. గోడ మీద చెట్టు బెరడుతో చేసిన ముగ్గుల గుడ్డ, దాని పక్కన వేంకటేశ్వరస్వామి, స్వామి పక్కన ఒక రగ్బీ జట్టు ఫొటో. పూలచొక్కా వేసుకుని, లుంగీలాంటిదేదో కట్టుకున్న బులా అంకుల్ చాప మీద కూర్చుని, నాలుగు కాళ్ల కొయ్యగిన్నెలో ఒక గుడ్డమూటను పిసుకుతున్నాడు. ఆదివారం కదా, చిన్నచిన్న గుడ్డలు ఉతుక్కుంటున్నాడనుకున్నాను. ఆయనకెదురుగా తలుపంత మనిషి ఒకాయన, చర్చి నుంచి సరాసరి వచ్చినట్టు టై కట్టుకుని ఉన్నాడు. ఆయన ఫిజీ మూలవాసి, అంకుల్‌ వాళ్ల ఊరివాడే. ఇద్దరూ హిందీలాంటి భాషలో ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. ఆయన హిందీ ముందు, హైదరాబాదు ఆటోల దగ్గర నేర్చుకున్న నా హిందీ తలదించుకుంది. ఆయనకు నేను మనసులో రగ్బీ అంకుల్ అని పేరు పెట్టుకున్నాను. బులా అంకుల్ భార్య, ఆ ఇంటి ఆంటీ, ఏదో ఆకుకూర కొబ్బరిపాలతో ఉడికించి, వేడిగిన్నె తెచ్చి పెట్టే చోటు కోసం చుట్టూ చూసి, నా ఫైలు మీద పెట్టింది. "థాంక్యూ బేటా" అంది. కెనడాలో ఆ ఫైలు ఎవరికైనా పనికిరావడం అదే మొదటిసారి.

"కూకో బాబు" అన్నాడు అంకుల్. కోటు బొత్తాలు పెట్టుకునే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అప్పుడాయన ఆ గుడ్డమూట గట్టిగా పిండి, ఆ మట్టిరంగు నీళ్లనే కొబ్బరిచిప్పతో ముంచి నా ముందుకు చాపాడు.

"అంకుల్, నేను మందు తాగను. మా అమ్మకు మాటిచ్చాను."

"మందు కాదు బాబు. సెట్టు వేరు. మిరియాల తీగకి సుట్టం. దంచి నీల్లలో పిసుకుతాం. తాగు."

"క్లాప్ వన్ టైమ్, బేటా. దెన్ డ్రింక్, ఫుల్" అంది ఆంటీ.

ఇంటర్వ్యూ మొదలైందని నాకు అర్థమైపోయింది. ఆవిడ చెప్పినట్టు ఒక్కసారి చేతులు చరిచి, చిప్ప అందుకుని, అడగకముందే చెబితే ఇంప్రెషన్ బాగుంటుందన్న కోచింగన్న సలహా ప్రకారం, "అంకుల్, ఫిజీ రాజధాని సువా. అది వాన ఎక్కువ పడే వైపుంది" అని గడగడా చెప్పి, గుటుక్కున తాగేశాను. కొట్టంలో నేల కడిగిన నీళ్లలో మిరియాలు వేసినట్టుంది. వెంటనే ముగ్గురూ కలిసి ఠప్, ఠప్, ఠప్ అని చప్పట్లు కొట్టారు. జవాబు కరెక్టన్నమాట! నేను గాల్లో తేలిపోయాను. నా జీవితంలో ఏ ఇంటర్వ్యూలోనూ అలా చప్పట్లు పడలేదు.

రెండో చిప్పకు దీవుల సంఖ్య చెప్పాను. తాగాను. ఠప్, ఠప్, ఠప్. మూడో చిప్పకు రేఖాంశం. మళ్లీ చప్పట్లు. చిప్ప ఖాళీ చేసినవాడికి చుట్టూ ఉన్నవాళ్లు అలా చప్పట్లు కొట్టడం అక్కడ మర్యాదని, ఆ మర్యాదకీ రేఖాంశానికీ ఏ సంబంధమూ లేదని నాకెలా తెలుస్తుంది? ఛాయిస్‌లో వదిలేశాను కదా. మధ్యలో రగ్బీ అంకుల్ తాగినప్పుడూ చప్పట్లు పడ్డాయి. ఆయనేమీ జవాబు చెప్పకుండానే మార్కులెలా పడ్డాయో తోచక, లోకల్ కోటా అయ్యుంటుందనుకున్నాను.

బులా అంకుల్ మాత్రం ఏదో చెప్పాలని చూస్తున్నాడు. "మాది బా నది పక్కన బాబు. ఇంటి ఎనకాలంతా సెరుకు..." అని మొదలుపెట్టాడు.

"అవునంకుల్. బా పడమటి వైపుంది. అక్కడ వర్షపాతం తక్కువ. చెరకుకు అనుకూలం."

"అవును" అన్నాడాయన. రగ్బీ అంకుల్ ఆంటీ వైపు వంగి, "దిస్ బాయ్, హి ఈట్ ఎ రేడియో?" అని అడిగాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

అంకుల్ ఇంకోసారి ప్రయత్నించాడు. "ఆ బూమి మాది కాదు బాబు. లీజు. మా తాత నుండి మేమే దున్నినాము. లీజు అయిపోయిన రోజున మా నాన్న..."

"అక్కడ తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అంకుల్" అన్నాను.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాన మాత్రం గరాజ్ రేకుల మీద దబదబా కొడుతోంది. అంకుల్ నన్నొకసారి తేరిపార చూసి, రగ్బీ అంకుల్‌తో ఏదో అన్నాడు. ఆయన "హై టైడ్!" అని అరిచాడు. చిప్ప అంచుదాకా, పొంగిపొర్లేలా నింపి నా చేతిలో పెట్టారు. ఇదే ఆఖరి రౌండనుకున్నాను. తాగి, గ్యారంటీ క్వశ్చన్‌కు నేనే ముందుగా జవాబిచ్చేసి పేపరు కట్టేద్దామని నోరు తెరిచాను. "ఫిజీలో ఎత్తైన శిఖరం తో... తో..." అంతే. నాలుక కదల్లేదు. పెదవులు ఎక్కడున్నాయో తెలియలేదు. మా కాలేజీ పక్క పళ్ల డాక్టరు మొత్తం సూదిమందంతా నా ఒక్కడికే పొడిచినట్టు నోరు మొద్దుబారిపోయింది. ఆ వేరునీళ్లు ఎక్కువైతే నోటిని అలాగే చేస్తాయట, అదీ కల్చర్ యూనిట్‌లోనే ఉంది. ఆంటీ జాలిపడి ఒక పిప్పరమెంటు నోట్లో వేసింది. అది ఉందో లేదో కూడా తెలియలేదు. గది పోయింది, సెమిస్టర్ పోయింది, గుంటూరు స్టేషన్ కళ్లముందు కనబడింది. ఏడుద్దామన్నా మూతి సహకరించలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను.

అప్పుడు చెప్పాడు అంకుల్, ఎవరూ అడ్డురాకుండా. ఆ చెరకు పండిన నేల రగ్బీ అంకుల్ వంశంవాళ్లది. వీళ్లది కౌలు. కౌలు గడువు తీరిపోయింది, కొత్త రూల్సొచ్చాయి, ఇక పొడిగించరని తెలిసింది. ఆ రోజు రగ్బీ అంకుల్ తండ్రి, చెప్పాల్సిన మాట చెప్పడానికి బయల్దేరి, మేం తాగుతున్న ఆ వేర్లే ఒక కట్ట పట్టుకుని వీళ్లింటికొచ్చాడు. చాప పరిచారు. "ఈడి నాన్న పొమ్మనలేదు. మా నాన్న ఉంటాననలేదు. దీపాలెట్టేదాకా ఇద్దరూ కూకునే ఉన్నారు. ఒక్క మాట లేదు. మర్నాడు మేము సామాను కట్టేసినాం." ఆయన గిన్నెలోకి చూస్తూ గుడ్డను మళ్లీ పిసికాడు. "అలగ కూకోపోతే నాకు ఈడి మీద కోపముండిపోయేది. ఈడు నా పక్కన కూకోలేకపోయేవోడు." రగ్బీ అంకుల్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆ కథ ఎక్కడికొచ్చిందో తెలిసినట్టు, తన బండంత చెయ్యి అంకుల్ మోకాలి మీద వేశాడు.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఆయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని, చెకిన్ పిలిచేదాకా ఏమీ మాట్లాడుకోలేదు. ఆయనకు మాట్లాడటం రాదని నేను మనసులో విసుక్కున్నాను. ఆ గరాజ్‌లో, మొద్దుబారిన నోటితో, ఆయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముఖంలో పనిచేస్తున్నవి ఇంక కళ్లే కాబట్టి వాటినాపలేదు.

"ఇప్పుడు ఇల్లు నాది, ఇంకోడు అద్దెకొత్తాడు" అన్నాడు అంకుల్. "కూకోకుండా ఎలగిచ్చేత్తాను? ముగ్గురొచ్చినారు. ఒకడు నిలబడే వైఫై అడిగి పోనాడు. ఒకడు ఫోన్లో వీడియో తీసుకుని పోనాడు. ఇంకోడికి బస్సు టైమైపోనాది. నువ్వు వాగుడుకాయివి గానీ, లెగలేదు."

లేవకపోవడం కాదు, లేవలేకపోయాను. బాసింపట్టు వేసుకున్న కాళ్లు ఎప్పుడో తిమ్మిరెక్కి, నావి కాకుండా పోయాయి. ఆ మాట చెప్పి నిజాయితీపరుణ్ణి అనిపించుకుందామంటే నోరు లేదు. భగవంతుడు కొన్నిసార్లు మనిషిని అన్ని వైపులా కట్టిపడేసి మరీ కాపాడతాడు.

"ఎప్పుడొత్తావు మరి?" అన్నాడు అంకుల్.

జవాబు చెప్పడానికి నాకు మిగిలిన మార్గం ఒక్కటే. ఠప్, ఠప్, ఠప్ అని మూడు చప్పట్లు కొట్టాను. గరాజ్ దద్దరిల్లేలా నవ్వారు ముగ్గురూ. రగ్బీ అంకుల్ నా చంకల కింద చేతులు వేసి, బస్తాను లేపినట్టు లేపి నిలబెట్టాడు. ఆంటీ నా ఫైలు తుడిచి చేతికిచ్చింది. నా బీటెక్ సర్టిఫికెట్ మీద గిన్నె అడుగు గుండ్రంగా, ప్రభుత్వ ముద్రలాగే పడింది.

ఇంటికెళ్లేసరికి కోచింగన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమేం అడిగిండు తమ్మీ?" అన్నాడు. ఏమీ అడగలేదని చేతులతోనే సైగ చేశాను. "అవుటాఫ్ సిలబసా!" అని కూలబడ్డాడు. మర్నాడు నాలుక తిరిగాక అంతా విన్నాడు. విని, అందులో ఆయనకు కావలసింది ఆయన తీసుకున్నాడు. తర్వాత నెలలో ఎవరో దీవులవాళ్లే బేస్‌మెంట్ ఇస్తున్నారని తెలిసి, ఇద్దరు కుర్రాళ్లకు కోచింగిచ్చి పంపాడు. తలుపు తీయగానే వాళ్లిద్దరూ ఇంటాయన మొహం మీదే ముమ్మారు చప్పట్లు కొట్టారట. ఆయన మారిషస్ మనిషి. ఇదేం తెగులో అర్థంకాక గొళ్లెం పెట్టేసుకున్నాడట. కోచింగన్న ఇప్పుడు పేరున్న ఎడ్యుకేషన్ కన్సల్టెంట్. (డ్రైవరును కూడా పెట్టుకున్నాడు.)

ఆ బేస్‌మెంట్లో చదువు ముగించాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్లయ్యాక వేరే ఇంటికి మారాను. ఆదివారాలు మాత్రం మారలేదు. బులా అంకుల్ మోకాళ్లు ఇప్పుడు వంగవు. చాప పక్కన కుర్చీలో కూర్చుంటాడు, కూర్చున్న చోటే కునుకు తీస్తాడు. గుడ్డమూట పిసికేది నేనే. మా అమ్మాయి మొదటిసారి వచ్చి చూసి, "డాడ్, వై ఆర్ యూ వాషింగ్ దట్?" అని అడిగింది. నా కూతురే, సందేహం లేదు. రగ్బీ అంకుల్ జుట్టు తెల్లబడింది గానీ ఠప్పుమనే ఆ చప్పుడు తగ్గలేదు. ముగ్గురం గంటలకు గంటలు కూర్చుంటాం. దుప్పటి చుట్టుకున్న అరటిచెట్టు కిటికీలోంచి మమ్మల్ని చూస్తుంటుంది. ఎవరం పెద్దగా ఏమీ మాట్లాడుకోం. ఒక్కోసారి ఆ నిశ్శబ్దంలో, కోటు వేసుకుని చంకలో ఫైలుతో ఆ కుర్రవాడు నా లోపల మెడ నిక్కించి కూర్చుంటాడు, పాపం, తన వంతు కోసం. ఫిజీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం పేరు వాడికింకా కంఠతా వచ్చు. ఇన్నేళ్లయినా వాణ్ణి ఎవరూ అడగలేదు.